కాసులపేరు: నాణెము నగయైనప్పటి వెల

క్రీ.శ. 1786లో నెల్లూరు చేరువ నొక కాఁపు పొలము దున్నుచుండఁగా నాఁగలి యొక యిటుకకట్టడమునకుఁ దగిలి నిలిచినది. త్రవ్వి చూడఁగా నొక చిన్న దేవాలయపు శిథిలములును, వానిక్రింద నొక చిన్న కుండయు నగపడినవి. ఆ కుండలో రోమక చక్రవర్తుల బంగారు నాణెము లుండెను. వాఁడు వానిని పాతబంగారముక్రింద నమ్మివేసెను. కొన్నవారు పెక్కింటిని మూసలో వేసి కరఁగించిరి. ఆర్కాటు నవాబుగారి కుమారుఁడగు అమీరుల్ ఉమరాకు సంగతి తెలిసి, ఆయన వెదకి తెప్పించునప్పటికి ముప్పదికిఁ గొంచెము మించిన నాణెములు మాత్రము దక్కినవి. చెన్నపట్టణమున గవర్నరు పదవి నిర్వహించిన అలెగ్జాండరు డేవిడ్సను వానిని జూచి ఆసియాటిక్ సొసైటీవారికి లేఖ వ్రాసెను. ట్రాజను, హడ్రియను, ఫౌస్టీనా మున్నగువారి ముద్రలు గల నాణెములలోఁ గొన్ని నిన్నటిదినము టంకసాలనుండి వెడలినట్లు నిగనిగలాడుచుండెననియు, మఱికొన్ని చెడి చిల్లులుపడి యుండెననియు, ఈ రెండవ తెగవానిని చేతులకును మెడకును నగలుగా ధరించియుందురనియు నాతని మాటల తాత్పర్యము.

నాఁటికి ఒంగోలు సీమ నెల్లూరు సీమలోనిదే. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరునుండి విడివడి గుంటూరులోఁ జేరెను. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు కేంద్రముగాఁ గ్రొత్తజిల్లా యేర్పడి, 1972లో ప్రకాశము జిల్లా యను పేరు దాల్చెను. పాలకులు గీచిన గీఁతలు మాఱినను నేల యొక్కటియే. ప్రత్తియు మిరపయుఁ బండు నల్లరేగడి చేలు కృష్ణకు దక్షిణముగా నొంగోలుదాఁక సాగుచున్నవి. ఈ నేలలో నాఁగటిచాలున నాణెములు దొరకుటయు, దొరకిన నాణెములు కంసాలి కొలిమికిఁ బోవుటయు ఎన్నియోసారులు జరిగినవి.

నెల్లూరి కుండ వృత్తాంతమున నొక నాణెమునకు మూఁడు వెలలు కట్టఁబడినవి. కాఁపు తూనికనుబట్టి కట్టెను. కంసాలి వన్నెనుబట్టి కట్టెను. గవర్నరు ముద్ర చక్కఁదనమును బట్టి కట్టి, నిగనిగలాడు వానిని మెచ్చి, చిల్లులుపడిన వానిని ఒక్క వాక్యముతో దాఁటిపోయెను. నాణెములు కూర్చువారు నేఁటికిని గవర్నరు పద్ధతినే యనుసరింతురు. చిల్లుగాని, కొక్కెము నతికిన టంకపు మచ్చగాని యున్న నాణెమును వారు చేతఁబట్టి పెదవి విఱుతురు. చరిత్రకారుని త్రాసు వేఱు. చెక్కు చెదరని ట్రాజను నాణెము చెప్పునది రోమునగరపు సంగతి. ఆ సంగతి రోమునందే మఱింత బాగుగాఁ దెలియును. ఆంధ్రదేశపు సంగతి చెప్పునది చిల్లు.

ఆభరణమునకును నాణెమునకును గల యీ చుట్టఱికము సంస్కృతమునఁ జాల పాతది. అచ్చట నడక విపరీతముగా నున్నది. తెలుఁగునాట నాణెము నగయైనది. వైదికభాషలో నగయే నాణెమైనది. ఋగ్వేదము రెండవ మండలమున రుద్రుఁడు నిష్కమును ధరించినవాఁడు. ఆ నిష్కమునకు విశ్వరూప మను విశేషణము కలదు. నిష్కగ్రీవ శబ్దమును వేదమునఁ గలదు. మెడయందు నిష్కము గలవాఁ డని యర్థము. అదే వేదమున మొదటి మండలమునఁ గక్షీవంతుఁడు రాజునొద్ద నూఱు నిష్కములను నూఱు గుఱ్ఱములతోఁగూడ దానముగాఁ బడసెను. నూఱు హారముల నొక్కఁడు ధరింపఁజాలఁడు గదా. లెక్కించి యిచ్చుట మొదలైనచోట ఆభరణము ద్రవ్యముగా మాఱుట మొదలైనదని చెప్పవచ్చును.

పాణినినాఁటికి ఆ మార్పు పూర్తియైనది. నిష్కముతోఁ గొన్న వస్తువు నైష్కికము. దీనికిఁ బ్రత్యయము పంచమాధ్యాయ ప్రథమపాదమున విధింపఁబడినది. నూఱు నిష్కములు గలవాఁడు నైష్కశతికుఁడు, వేయి గలవాఁడు నైష్కసహస్రికుఁడు. ఈ రూపములకు సూత్రము పంచమాధ్యాయ ద్వితీయపాదమున 119వది. దాని వెనువెంటనున్న 120వ సూత్రము రూపశబ్దమునకు యప్ప్రత్యయమును రెండర్థములందు విధించుచున్నది. ఒకటి ఆహతము, అనఁగా అచ్చు కొట్టఁబడిన రూపము గలది. రెండవది ప్రశంస, అనఁగా మెచ్చఁదగిన రూపము గలది. మొదటి యర్థమున రూప్యము దీనారము, కార్షాపణము. రెండవ యర్థమున రూప్యుఁడు చక్కని పురుషుఁడు. కాశికాకారు లీ యుదాహరణములనే యిచ్చిరి. రూపాయి యను మాట పుట్టుక యీ రూప్యశబ్దమునందే. అచ్చుపడిన రూపమును అందమైన రూపమును ఒక్క సూత్రమున నిమిడినవి. నాణెమును మెడలో వేసికొన్న స్త్రీ యీ రెండర్థముల నొక్క త్రాటఁ గ్రుచ్చినది. ఆ మెడలో నేయర్థము నిలిచినది, ఏయర్థము నశించినది యను ప్రశ్నయే ప్రకృత విచారము.

అమరసింహుఁడు నానార్థవర్గమున నిష్కశబ్దమునకు నూటయెనిమిది సువర్ణములు, బంగారము, వక్షోభూషణము, పలము, దీనారము అను నర్థములను వరుసగాఁ జెప్పెను. దీనారమును ఱొమ్ముమీఁది నగయు నొక్కశబ్దపు టర్థములు. జైనుల కల్పసూత్రమున శ్రీదేవి వర్ణనమందు ఱొమ్మున వ్రేలు దీనారమాల పేర్కొనఁబడినది. కాసులపేరునకుఁ బూర్వరూప మిదియే యనుట సాహసముగాదు. దీనారశబ్దము రోమక భాషలోని దెనారియస్. పరదేశపు నాణెము వచ్చి, శబ్దముగా నిఘంటువున స్థిరపడి, నగగా మెడనుఁ జేరినది.

దీనారము గుంటూరు సీమకు వచ్చుటకు శాసనసాక్ష్య మున్నది. పలనాటిలోని నాగార్జునకొండయం దిక్ష్వాకుల కాలమున ఉజ్జయినీ మహారాజు కూఁతురగు రుద్రధరభట్టారిక మహాచైత్యపు స్తంభమునకై 170 దీనారిమాషకము లిచ్చినట్లు వ్రాయించెను. శాసనమును వోగెల్ పండితుఁడు ఎపిగ్రాఫియా ఇండికాలోఁ బ్రకటించెను. కట్టడము లింకను గట్టుచున్న యా కాలమున దీనారనామము లెక్కలలో వాడుకయైనది. వినుకొండయందు దొరకిన రోమక బంగారు నాణెములు తిబేరియసు మొదలు కారకల్లావఱకుఁ గల చక్రవర్తులవి. అనఁగా నించుమించు రెండువందల యేండ్ల పరిధి. ఏఁటేఁట భారతదేశము రోమునుండి ఐదుకోట్ల సెస్టెర్సులను లాగికొనుచున్నదని ప్లినీ వగచినది యీ బంగారము గూర్చియే. ఆ లెక్క యెంత నిక్కువమో పక్కనుంచినను, పోయిన బంగార మెచటికిఁ బోయినదో రోమువాఁడు వగవనక్కఱ లేకుండెను. కొంత యీ చేలలోని కుండలలోను, కొంత యీ మెడలలోను నుండెను.

శాతవాహనులు బంగారు నాణెములు వేయింపలేదు. వారి నాణెములు సీసము, రాగి, పొటీను, కొంత వెండి. ఇక్ష్వాకులవి సీసపువి. సీసమును నగగా నెవరు ధరింతురు? అందుచేతనే శాతవాహనుల సీసపు నాణెములు చేలలో నేఁటికిని లభించుచున్నవి. వెలలేని లోహమే వాని ప్రాణము నిలిపినది. బంగారమునకు రెండు దారులే కలవు. మెడకెక్కవలయును, లేదా మూసలోఁ బడవలయును. మెడకెక్కినది కొన్నాళ్లయినను బ్రతికినది. కాఁబట్టి నాణెమునకుఁ జిల్లు పెట్టిన కంసాలిని నాణెహంతకుఁడనుట న్యాయముగాదు. ఆ చిల్లే దానిని మూసనుండి కాపాడినది.

చిల్లు నిదానించి చూచినవారికి దానియందు వ్రాఁత యున్నది. దక్షిణాపథమున దొరకిన కొన్ని రోమక బంగారు నాణెములకు రెండేసి చిల్లులు చక్రవర్తి తలకు నెగువగా నున్నవి. వేయించినవాఁడు ముఖము నిలువుగా నుండవలయునని కోరెను. దారము రెండు చిల్లులలో దూర్చిన నాణెము తిరుగక నిలుచును. ఏ వైపు జనులకుఁ గనఁబడవలయునని వారు తలఁచిరో చిల్లే చెప్పుచున్నది. దీనికి భిన్నముగాఁ బుదుక్కోటయందు 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో మిక్కిలి భాగమునకుఁ జక్రవర్తి ముఖముమీఁద నులిగాటు కలదు. అది నగకొఱకుఁ జేసినది గాదు. నాణెమును చెల్లుబాటునుండి తొలఁగించుటకుఁ జేసినది. చిల్లును గాటును రెండును నాణెమునకు దెబ్బలే. ఒకటి గౌరవించు దెబ్బ, ఒకటి చెఱచు దెబ్బ. వీనిని వేఱుచేసి చదువనివారికి రెండును వెల తగ్గించు మచ్చలుగానే కనఁబడును.

బంగారు నాణెము దొరకనివారు మన్నుతోఁ జేసికొనిరి. మెదకుసీమలోని కొండాపురమున హైదరాబాదు పురావస్తుశాఖవారు 1940 మొదలు త్రవ్వించినప్పుడు, రోమక నాణెములను జూచి చేసిన కాల్చిన మట్టిబిళ్లలు దొరకినవి. వ్రేలఁదీయుటకు వీలుగాఁ జేసిన యీ బిళ్లలు బీదవాని కాసులపేరు. ఇందు లోహము విలువ సున్న. చెల్లుబాటు లేదు. మిగిలినది రూపము మాత్రమే. అయినను జేసినవాఁడు చేసినాఁడు, ధరించినవారు ధరించినారు. నాణెపు నగకు వెల బంగారమువలననే యని చెప్పువారికిఁ గొండాపురపు మట్టిబిళ్ల ప్రత్యుత్తరము.

మధ్యకాలమునఁ దెలుఁగునాట నాణెముల పేళ్లు పెక్కు: మాడ, గద్యాణము, రూక, హొన్ను, టంకము, వరాహము. గణపతిదేవుఁడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునఁ బరదేశవర్తకుల కభయమిచ్చుచు వేయించిన శాసనమున సుంకములు గద్యాణములలో లెక్కింపఁబడినవి. శ్రీనాథునికి దీనారటంకములతోఁ గనకాభిషేకము జరిగినదన్న ప్రసిద్ధి యెల్లరెఱిఁగినదే. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారిగా నుండిన యా కవినాఁటికి రోమక దీనారము చెల్లుబాటు పోయి వేయేండ్లయినది. శబ్దము మాత్రము పసిఁడివలెనే యుండెను. వరాహము సంగతి యింతకన్న వింత. చాళుక్యుల వరాహలాంఛనమునుబట్టి వచ్చిన పేరు విజయనగరపు నాణెములకుఁ బట్టినది. వానిపై నుండినది పందిగాదు. ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, బాలకృష్ణుఁడు మున్నగు దేవతలు. 1515లోఁ గొండవీడు గెలిచిన కృష్ణదేవరాయల బాలకృష్ణ వరాహము మూఁడున్నర గ్రాములలోపు తూనిక గల చిన్ననాణెము. దేవుఁడు ముద్రగా నున్న నాణెము మెడలో వేసికొనుటకు వేఱు కారణ మక్కఱలేదు. నేఁటి లక్ష్మీకాసులకు మూలమైన భావన యిందు దొరకును.

తరువాతఁ బరదేశపు నాణెములు మరల వచ్చినవి. వెనిసు నగరపు డుకాతు తెలుఁగున పుతళీ యనఁబడెను. దానిమీఁద నిలుచున్న సన్న్యాసియు మోఁకరిల్లిన దొరయు జనులకు బొమ్మలుగాఁ దోఁచిరి. తమిళులు ఆ నిలువుగుంజను జూచి తాటిచెట్టెక్కు శాణారువాఁడనుకొని శాణారుకాసనిరి. ఈ నాణెము నగలకై యెంతగాఁ గోరఁబడినదనఁగా, భారతదేశమున దానికి ననుకరణములు బయలుదేఱినవి. వానిమీఁది లాటిను అక్షరములు అక్షరములు గావు, ఒట్టి గీఁతలు. చదువరాని వ్రాఁత నచ్చుగొట్టిన యా పనివానికిఁ గావలసినది నాణెపు మాటగాదు, నాణెపు మొగము.

ఇఁక సవరను. నేఁటి కాసులపేళ్లలోఁ బాతవానిని విప్పిచూచినచో నెక్కువగాఁ గానవచ్చునది యాంగ్లరాజ్యపు సవరనే. దాని తూనిక 7.988 గ్రాములు. ఇరువదిరెండు వన్నెల బంగారము. అందులోని మేలిమి 7.322 గ్రాములు. నీరోతరువాతి రోమక బంగారు నాణెము తూనిక యించుమించుగా నింతియే. పదునెనిమిది శతాబ్దముల యెడమున రెండు సామ్రాజ్యముల బంగారు నాణెము లొకే ప్రమాణమునఁ బలనాటి మెడలలోఁ బడుట కాకతాళీయమే యైనను చెప్పకుండుటకుఁ జేయి రాదు.

1861 మొదలు 1865 వఱకు అమెరికాలోని యంతర్యుద్ధముచేతఁ బ్రత్తిధర పెరిఁగినప్పుడు ప్రత్తి పండించు దేశమెల్ల నగదు చూచినది. తరువాత మిరపయుఁ బొగాకును వచ్చినవి. పంట యమ్మినరైతు చేతఁబడిన నగదును దాఁచుకొను చోటు లేదు. 1899 శాసనముచే సవరను పదునైదు రూపాయలకుఁ జెల్లు నాణెమైనది. దీనివలన రైతున కొక గొప్పమేలు కలిగినది. కంసాలి చేయు నగకు వన్నె యెంతో ఒఱగల్లుమీఁద గీచి చూడవలెను. తఱుగు పోవును, మజూరీ యీయవలెను, అనుమానము మిగులును. సవరనుకు వన్నె చూచినది టంకసాల. తూఁచినది టంకసాల. పూచీ పడినది రాజు. కొక్కెమతికి దారమునఁ గ్రుచ్చినఁ జాలును. కష్టకాలమున నొక్కొక కాసుగాఁ దీసి యమ్మవచ్చును. ఇద్దఱు కూఁతుండ్రకుఁ బంచవలసినప్పుడు త్రాసు నక్కఱలేదు, లెక్క చాలును. స్త్రీధనమున కింత యనుకూలమైన నగ వేఱొండు లేదు. 1832-33 నాఁటి నందనకరవున నీ గుంటూరు సీమ సగముపాళ్లు బీడైనది. ఆ కరవు కథలు విన్న తరములవారు నగను కరవునాఁటి గాదెగాఁ జూచుటలో వింతలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున బొంబాయిలో నాంగ్ల టంకసాల శాఖ తెఱవఁబడి, 1918 సంవత్సరపు ముద్రతో 12,95,000కుఁ బైగా సవరనులు కొట్టఁబడెను. వానిని గుర్తించుటకు గుఱ్ఱపురౌతు క్రింది నేలగీఁతపైఁ జిన్న ఐ అక్షరము కలదు. ఆ టంకసాల మఱుసటి యేఁడే మూఁతపడినది. 1927తో సవరను భారతదేశమునఁ జెల్లు నాణెము గాకపోయెను. 1931 సెప్టెంబరునఁ బౌను బంగారమునుండి విడివడఁగా బంగారపుధర పెరిఁగినది. పంటధరలు పడిపోయిన యా కాలమున నూళ్లలోని బంగారము కుప్పలుగా బొంబాయికిఁ దరలి ఓడలెక్కినది. ఆ వరదకుఁ దప్పించుకొన్న కాసులపేళ్లే నేఁడు మిగిలినవి.

సవరనుల పేరును చదువు పద్ధతి పాతకుండను చదువు పద్ధతియే. అన్నిటికంటెఁ గడపటి యేఁడు గల కాసు ఆ పేరు కూర్చిన కాలమునకుఁ బూర్వావధి. విక్టోరియారాణి ముఖములు మూఁడు: పడుచుతల, 1887 మొదలు చిన్నకిరీటపు తల, 1893 మొదలు ముసుఁగుతల. తరువాత 1902 మొదలు ఏడవ ఎడ్వర్డు, 1911 మొదలు ఐదవ జార్జి. ముసుఁగుతలలతో నిండినపేరున నొక్క జార్జితల యున్నచో నది పిదప నతికినది గావచ్చును, లేదా పోయినదాని చోటున వచ్చినది గావచ్చును. కొక్కెముల పోకడ యొకటేయైనచో నొక్కచేతిపని. మెడకుఁ దగులువైపు ఎంత యరిగినదో చూచినచో నా పేరు పెట్టెలో నిదురించినదో, దినదినము మెడలో నుండినదో తెలియును. తల పైకున్నదో గుఱ్ఱపురౌతు పైకున్నాఁడో యదియు నొక రుచి. ఇన్ని సంగతులు చెప్పు పేరును విడఁదీసి యొక్కొక నాణెముగా నమ్మినచో నాణెములు మిగులును గాని చరిత్ర మిగులదు. నాణెములు కూర్చువాఁడు చేయు హాని యిది. కంసాలి చేయు హానికన్న నిది యేమియు దక్కువగాదు.

వెండి రూపాయిగతియు నిట్టిదే. తులముతూనిక 180 గ్రెయినుల యెత్తుగా, అనఁగా 11.66 గ్రాములుగా 1833లో స్థిరపడినది. అదియే రూపాయి తూనిక. రూపాయియెత్తు బంగార మనుటలో నాణెము తూనికఱాయి యైనది. పలనాటను మార్కాపురపు సీమను లంబాడీస్త్రీల రవికలకును పేరులకును గుట్టిన పాతనాణెములు నీ కుటుంబములోనివే. 1940లో రూపాయియందు వెండి సగమునకుఁ దగ్గి, 1947లో వెండి పూర్తిగాఁ బోయి నికెలు వచ్చినది. నికెలు రూపాయిని నగగా గౌరవించుట యరుదు.

పాశ్చాత్యులు నాణెమును నగజేయు మార్గము వేఱు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిపాదమున బర్మింగుహాము పనివారు, అందు విలియం హెన్రీ ప్రోబర్టు ముఖ్యుఁడు, వెండి నాణెములకు మీనా పట్టి స్త్రీల యంగీలకుఁ బెట్టు బిళ్లలుగాఁ జేసిరి. మీనా యనఁగా లోహముపైఁ గరఁగి యతుకు రంగుగాజు. నాణెమున బొమ్మయు నక్షరములును నిలుచునట్లు చుట్టునున్న చదునును సన్నని యులితో లోఁతుగాఁ జెక్కి, ఆ గుంటలలో రంగురంగుల గాజుపొడి నింపి, కొలిమిలోఁ గాల్చి, చల్లార్చి, మెఱుఁగు పెట్టుదురు. ఒక్కొక్క రంగున కొక్కొక్క వేఁడి కావలయును. గట్టివేఁడి కోరు రంగు ముందు, లేఁత రంగు వెనుక. కన్నులకిది పండువు. అయినను గొక్కెము నాణెమును దాఁకినది అంచున మాత్రమే. మీనా దాని యొడలెల్లఁ ద్రవ్వినది. చెక్కిన చదును మరల రాదు. మీనా పట్టిన నాణెము నాణెములు కూర్చువానికిఁ బనికిరాదు. దాని వెల యిఁక మీనాపనివాని నేర్పునుబట్టియే. రంగులెన్ని, రెండువైపులం గలదా, గాజు పెచ్చులూడినదా యనునవి చూతురు. పాణిని మాటలలోఁ జెప్పినచో ప్రశంసార్థమునకై యాహతార్థము బలియైనది.

గోలకొండ, హైదరాబాదు పనివారికి మీనా తెలియకపోలేదు. రాళ్లు పొదిగిన నగల వెనుకవైపు మీనాతోఁ గప్పుట వారి నేర్పు. అట్లయ్యును కోస్తాసీమ కాసులపేరున కాసులనడుమఁ గెంపులు పొదిగిరేగాని, కాసుమొగమును సాధారణముగా ముట్టలేదు. ఇది పనివాని యశక్తిగాదు. కాసు ధరించిన యామెకది యెప్పుడైనను మరల ధనము గావలసియుండెను. రాజు ముద్ర చెక్కు చెదరక యున్నంతకాలము బజారున నా కాసునకు బేరము లేదు, ధర మాత్రము గలదు. అందమునకై ముద్రను జెక్కించుకొనుట యామెకు దుబారాగాఁ దోఁచియుండును.

లక్ష్మీకాసు ఈ రెంటికిని నడుమనున్నది. ఇది యే రాజును వేయింపనిది. కంసాలి తన యచ్చుతో రేకుబిళ్లపై లక్ష్మి రూపమును గొట్టును. తూనికలో సవరనుకు సాటిరాదు. చూపునకు నిండుగా నుండును. ఆహతమే గాని చెల్లునది గాదు. కొండాపురపు మట్టిబిళ్లకును, అక్కరము తెలియని పుతళీకిని నిది వారసురాలు. సవరనుల పాతపేరును కరఁగించి లక్ష్మీకాసులపేరు చేయించుకొనుట యీ సీమ దుకాణములలో నేఁడు వాడుకయైనది. దుకాణదారుఁడు తూఁచును. టంకము కలిసినదని కొక్కెముల తూనికలోఁ గొంత తీసివేయును. తఱుగును మజూరీయు వేయును. అతని లెక్కలో నతఁడు తప్పు చేయుటలేదు. కాసుమీఁది యేఁటికి గాని, ఐ అక్షరమునకు గాని యాతని త్రాసున గుండు లేదు. ఇంటివారు నడుగరు. నూఱేండ్లకుఁ దక్కువగాని నాణెము 1972 నాఁటి పురావస్తుశాసనముచేఁ బురావస్తువు. దానిని దేశముదాఁటింప స్వతంత్రులకు వీలులేదు. 1918 నాఁటి బొంబాయి సవరను 2018తో నా పరిమితిని దాఁటినది. భూమిలో దొరకిన నిధి పదిరూపాయలు మించినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలయునని 1878 నాఁటి శాసనము చెప్పుచున్నది. పెట్టెలో దొరకిన పురావస్తువు కొలిమికిఁ బోవు దారి మాత్రము మిక్కిలి దగ్గఱ.

శబ్దములు నాణెములకన్న గట్టివి. టంకము నాణెము. దాని నచ్చుకొట్టునది టంకసాల. కొక్కెము నతుకునదియుఁ దెలుఁగునఁ టంకమే, టంకణమనఁగా వెలిగారము గనుక. పుట్టించినదానికిని పుట్టిన పనినుండి తప్పించినదానికిని పేరొక్కటే యైనది. కాసు సంగతి మఱియు విచిత్రము. చోళశాసనములందుఁ గాసు బంగారు నాణెము. కుంపిణీ కాలపుఁ జెన్నపట్టణమున 80 కాసు లొక ఫణము, 42 ఫణము లొక వరాహము. అనఁగాఁ గాసు నాఁడు మిక్కిలి చిన్న రాగినాణెము. ఆంగ్లేయులు క్యాషనునది యీ కాసునే. మెడలో సవరనుఁ జేరి యది మరల బంగారమైనది. సవరను చెల్లుబాటు పోయినది, బొంబాయి టంకసాల పోయినది, రాజు పోయినాఁడు. గుంటూరునను ఒంగోలునను నేఁడు బంగారపు దుకాణమునకుఁ బోయి కాసు బంగార మెంతయని యడిగినచో, ఎనిమిది గ్రాముల ధర చెప్పుదురు. నగమీఁద 916 అను ముద్రను జూపి హామీ యిత్తురు. ఆ యెనిమిది గ్రాములు సవరను తూనిక. ఆ 916 సవరను వన్నె.